గేరుబాక్సులో అక్షింతలు

మా చిన్నప్పుడు... లక్సెట్టిపేటలో మా ఇంటి ముందు పందిరి కింద, అవ్వ పాత చీర మీద ఒక కారు గేరుబాక్సు ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. అందరి ఇళ్ళ ముందు వడియాలు ఆరితే మా ఇంటి ముందు పళ్ళ చక్రాలు ఆరాయి. అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం మేము. కిరోసిన్‌ను మా దగ్గర గ్యాసునూనె అనేవారు... ఆ నెలంతా అన్నంలో కూడా అదే వాసన.

కారు పెద్దబాపుది, అంటే మా బాపు వాళ్ళ అన్నది. పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పేవాడు. రెండో గేరు వేస్తే చాలు, నిలవకుండా బయటికి వచ్చేసేది. బాపు అప్పుడే దుబాయి నుంచి వచ్చాడు. అక్కడ ఆయన చేసింది కార్లు కడిగే పని, ఊళ్ళో చెప్పుకున్నది మాత్రం మెకానిక్కని! పెద్దబాపుకు ఆ అనుమానం ఉండబట్టే నలుగురి ముందు మెలిక పెట్టాడు... గేరుబాక్సు బాగు చేసి చూపిస్తే రోడ్డు పక్కన తన జాగాలో షెడ్డు వేసుకోనిస్తాడట. లేకపోతే బాపు మళ్ళీ విమానం ఎక్కాల్సిందే.

అవ్వకూ నాకూ ఆ షెడ్డు తప్ప ఇంకేమీ వద్దు. అది పడితే బాపు ఇంట్లో ఉంటాడు. అప్పటిదాకా నేను బాపును ఫొటోలోనే ఎక్కువ చూశాను.

మొదలు బాగానే పెట్టాడు, అబద్ధం చెప్పకూడదు. విప్పిన వరుసలోనే ఒక్కో ముక్కనూ చీర మీద పేర్చాడు, బిగించేటప్పుడు వెనక నుంచి ముందుకు రావొచ్చని. ఇంతలో దసరా వచ్చింది. ఆ రోజు మా దగ్గర పనిముట్లకు పూజ చేస్తాం, వాటితో పని చేయం. పానాలకూ చక్రాలకూ బొట్టు పెట్టి అక్షింతలు వెయ్యమని బాపే అవ్వకు చెప్పాడు. అవ్వ తలస్నానం చేసి, తడి జుట్టుతోనే కూర్చుని, ఒక్క ముక్కనూ కదపకుండా అన్నింటికీ పసుపు కుంకుమ పెట్టింది. అంత శ్రద్ధ మా ఇంట్లో దేవుడి పటాలకు కూడా దక్కలేదు.

మర్నాడు బాపు అంతా బిగించాడు. బిగించాక చూస్తే చీర మీద ఒక ఇనుప రింగు మిగిలింది... పసిపిల్ల గాజంత ఉంటుంది. బాపు అటూ ఇటూ చూసి జేబులో వేసుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను. చిన్నపిల్లను కదా, నన్ను లెక్కలోకి తీసుకోలేదు.

వాడకట్టు వాళ్ళంతా పట్టి గేరుబాక్సును కారుకు ఎక్కించారు. పెద్దబాపు స్టీరింగు ముందు కూర్చున్నాడు. మొదటి గేరులో కారు కదిలింది. రెండోది వేయగానే గరగరమని చప్పుడు చేసి ఆగిపోయింది. జనం నవ్వారు. దుబాయిలో ఇదేనా నేర్చుకుంది అంటూ పెద్దబాపు అందరికన్నా గట్టిగా నవ్వాడు. బాపు ముఖం మాడిపోయింది.

కింది బోల్టు విప్పి నూనె వంపితే, నూనెతో పాటు కొన్ని పసుపు బియ్యం గింజలు వచ్చాయి. బాపుకు ప్రాణం లేచి వచ్చింది.

"అక్షింతలు పడ్డయి లోపల. గందుకే గేరు వడ్తలేదు. ఏసింది గిదే" అని అవ్వను చూపించాడు.

వెయ్యమన్నది తానేనని మాత్రం అనలేదు. మేనత్త, అంటే బాపు వాళ్ళ అక్క, వెంటనే అందుకుంది... అవ్వ చెయ్యే అలాంటిదట, ఆ చేత్తో పెట్టిన తొక్కు పచ్చడి కూడా బూజు పడుతుందట. అందరూ తలలూపారు.

నాకు ఒళ్ళు మండింది. బాపు జేబులో ఒక రింగు ఉందని అందరి ముందే చెప్పేశాను. చెంప చెళ్ళుమంది. కొట్టింది బాపు కాదు... అవ్వ.

"అవద్దాలు నేర్సింది గీ పోరి. అక్షింతలు నేనే ఏసిన. నాదే తప్పు" అంది.

బాపు పందిరికి దుప్పటి అడ్డం కట్టుకుని ఒక్కడే మళ్ళీ విప్పాడు. బియ్యం గింజలు ఏరుతున్నానన్నాడు. రింగు దాని చోటికి అది చేరింది. కారు రెండో గేరులో గోదావరి దాకా పోయి వచ్చింది. ఇంకేం రుజువు కావాలి? బియ్యం తీశారు, కారు నడిచింది... అవ్వ చెయ్యి మంచిది కాదని వాడకట్టంతా ఖాయం చేసుకుంది.

షెడ్డు పడింది. మొదటి రోజు కొబ్బరికాయ మేనత్త కొట్టింది. అవ్వ రోడ్డుకు ఇవతల నిలబడి చూసింది. ఆ తర్వాత పెళ్ళికూతురికి నలుగు పెట్టేటప్పుడూ, విత్తనాలకు చెయ్యి తగిలించేటప్పుడూ ఆమెను ఎవరూ పిలవలేదు. బాపుకు సద్ది తీసుకుపోతే షెడ్డు బయట మేకుకు తగిలించి రావాలి. ఆ నియమం పెట్టింది బాపే. చెప్పీ చెప్పీ ఆయన కూడా నమ్మేశాడో, నమ్మినట్టు ఉండటమే సుఖమనుకున్నాడో... నాకు ఇప్పటికీ తెలియదు.

పెద్దయ్యాక ఒకసారి అవ్వను అడిగాను, ఆ రోజు నన్నెందుకు కొట్టావని.

"షెడ్డు పడకుంటే బాపు మల్ల దుబాయి పోతుండె బిడ్డా" అంది, బియ్యం చెరుగుతూ.

బాపు పోలేదు. మేం కోరుకున్నదే జరిగింది.

ఇప్పుడు ఇంటి ముందు గేరుబాక్సు ఎవరు విప్పుతున్నారు... చెడితే బాక్సుకు బాక్సే మార్చేస్తున్నారు. మొన్న నేను కొన్న కారుకైతే గేర్లు మనం వేసే పనే లేదు, వాటంతటవే పడతాయి. కొబ్బరికాయ అవ్వకిచ్చి, నువ్వే కొట్టాలన్నాను. ఆమె కాయను కింద పెట్టేసి చేతులు కొంగులో దాచుకుంది.

"నేనద్దు బిడ్డా. కొత్త బండి... మీ మేనత్తను పిలువు" అంది. నిజంగానే భయపడింది, తన చెయ్యి తగిలితే నాకేమైనా అవుతుందని.

బాపు పక్కనే కుర్చీలో ఉన్నాడు. నేను ఆయన వంకే చూస్తూ నిలబడ్డాను... ఇప్పటికైనా ఒక్క మాట అంటాడేమోనని.

"మా అక్కకు ఫోన్ జెయ్యి, అస్తది" అన్నాడు.

మీ ఇళ్ళలో కూడా చెయ్యి మంచిది కాదని పేరు పడ్డ ఆడవాళ్ళు ఉండే ఉంటారు... వాళ్ళ గురించి రాయండి. ఆ పేరు పెట్టింది ఎవరో, అది కూడా రాయండి.