కొమ్ము మీది గీతలు

తుర్దుబాయ్ ఒకప్పుడు పామీరు కొండల్లో దొంగవేట ఆడినవాడే. ఇప్పుడు అక్కడి కొండగొర్రెలకు కాపలాదారు. పరదేశి వేటగాళ్లు కట్టే రుసుముతోనే ఆ కాపలా నడుస్తుంది. కొమ్ము మీద ఏడాదికో గీత పడుతుంది. పది గీతలున్న ముసలి పొట్టేలునే కొట్టనివ్వాలి. ఈసారి ఒక వేటగాడితో తొమ్మిది రోజులు మంచులో తిరిగాక, దుర్భిణిలో ఒక పొట్టేలు కొమ్ము మీద పది లెక్కపెట్టి అతనికి తలూపాడు. తుపాకీ పేలింది. దగ్గరికెళ్లి వేలితో తడిమితే ఆరే గీతలు. తక్కినవి వట్టి ముడతలు.

ఇంట్లో ఉప్పు టీ అందిస్తూ భార్య ఐనురా అడిగింది: "ఏమయ్యా, మొహం అలా వేలాడేసుకున్నావేం?"

జరిగింది చెప్పాడు.

"బాగుంది సంబడం! దొంగగా ఉన్నన్నాళ్లూ కుర్ర పొట్టేలు జోలికి పోలేదు. కాపలాకొచ్చాక కళ్లు పోయాయా?"

"కళ్లు బాగానే ఉన్నాయే. నాకు పది కావాలి. పదే కనబడ్డాయి."