కొసైన్ జాలీ

కామారెడ్డిలో ఈమధ్య కట్టిన ఇళ్లు పది చూస్తే తొమ్మిదింటి గేటు మీద నెమలి ఉంటుంది. పదోదాని మీద రెండు నెమళ్లుంటాయి. అనుమానం ఉంటే ప్రేమ్‌కుమార్ సారును అడగండి. ఏ గల్లీలో ఎన్ని నెమళ్లున్నాయో, వాటిలో ఎన్నింటికి మెడ వంకరో, ఏది నెమలో ఏది కోడో తేల్చుకోలేక ఎందరు ఇంటివాళ్లు ఊరుకున్నారో ఆయనకు కంఠస్థం. పొద్దున్నే నడకకు పోయేది ఒంటి కోసమని ఆయన భార్య పద్మప్రియ అనుకుంటుంది. ఆయన పోయేది ఆ గేట్లన్నింటినీ మరొక్కసారి అసహ్యించుకుని రావడానికి.

సారు పద్నాలుగేళ్లు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పాడు. యాజమాన్యం షార్ట్‌కట్లు చెప్పమంది. లెక్క ఎందుకు అలా వస్తుందో చెబుతానని ఈయన పట్టుబట్టాడు. పిల్లలకేమో రెండూ అక్కర్లేదు. చివరికి తనే మానేశానని సారు అంటాడు, తామే పొమ్మన్నామని వాళ్లంటారు, రెండూ నిజమే. ఇప్పుడు ముందు గదిలో ఆరుగురికి ట్యూషన్ చెబుతూ, ఆ ఆరుగురినీ, వాళ్లను పంపిన తల్లిదండ్రులనూ సమానంగా చిన్నచూపు చూస్తుంటాడు. ఫ్లెక్సీలు వేసేవాళ్లు, పెళ్లికార్డులు అచ్చువేసేవాళ్లు, పాత కాలేజీలో తన కుర్చీలో కూర్చున్న కొత్త లెక్చరరు, అందరూ ఆయన లెక్కలో సున్నాలే. ఊళ్లో ఆయన మెచ్చిన మనిషి ఒక్కడే ఉన్నాడు. గడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపిస్తాడు.

అయితే ఆయన దగ్గర సరుకు లేదనడానికి వీల్లేదు, అదే మన ఖర్మ. కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం ఫోనులో గ్రాఫులు గీసే యాప్ ఒకటి ఎక్కించుకున్నాడు. సమీకరణం కొడితే గీత వస్తుంది. సైన్ కొడితే అల వచ్చింది. దానికి ఇంకో అల కలిపాడు. ఒకదాన్ని ఇంకొకదానితో గుణిస్తే ఆకు వచ్చింది. మూడు ఉన్నచోట మూడు పాయింట్ ఒకటి పెట్టేసరికి ఆకు కాస్తా పువ్వయింది. అంతే, సారుకు పిచ్చి పట్టింది. పాఠం అయిపోయినా ఫోను వదిలేవాడు కాదు. గుమ్మడిగింజ వరస, ఉమ్మెత్త పువ్వు గొంతు, నులకమంచం అల్లిక, ఒక్క గీతా చేత్తో గీయకుండా అన్నీ సమీకరణాలతోనే తెచ్చాడు. అలాంటివి ఆరువందలకు పైగా కూడాయి.

మొదటిది పద్మప్రియకు చూపిస్తే "మంచిగుంది, ముగ్గు లెక్క" అంది. ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. పాత తోటి లెక్చరరుకు చూపిస్తే యాప్ పేరడిగాడు. అతనితో మళ్లీ మాట్లాడనే లేదు. కామారెడ్డికి కళ్లు లేవని సారు తీర్మానించేశాడు. కానీ లోపల ఒక్క కోరిక మాత్రం చావలేదు. ఆ ఆరువందల్లో ఒక్కటైనా ఫోనులోంచి బయటికి వచ్చి, నలుగురు నడిచే వీధిలో నిలబడాలి, పోయేవాళ్లు ఆగి చూడాలి. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. ఎవరినైతే పురుగుల్లా చూస్తాడో వాళ్ల మెప్పే కావాలనడం ఆయనకు సిగ్గుగా ఉండేది.

నిజాంసాగర్ రోడ్డు మీద కలీమ్‌కు ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఇనుప షీటును కంప్యూటరు గీత ప్రకారం కోసే మిషను ఉంది. గేట్లకూ, కిటికీలకూ, వరండాలకూ వేసే జాలీలన్నీ అక్కడ కోస్తారు. కలీమ్ తమ్ముడు సారు దగ్గరే ఇంటర్ చదివి గట్టెక్కాడు. అందుకని సారు షెడ్డులోకి అడుగుపెడితే కలీమ్ స్టూలు తుడిచి వేస్తాడు, ఎదురు మాట్లాడడు. సారు ఆ స్టూలు మీద కూర్చుని డిజైన్ల పుస్తకం తిప్పేవాడు, మైలగుడ్డ ఎత్తినట్టు రెండు వేళ్లతో. మూడువందల డిజైన్లు, అన్నీ నెట్ నుంచి దించినవే.

"అంతా దొంగసొత్తు," అనేవాడు.

"అవును సార్," అనేవాడు కలీమ్, చాయ్ తెప్పించేవాడు.

మొన్న చలికాలంలో ఎల్లారెడ్డి నుంచి షంషున్నీసా అనే పెద్దావిడ షెడ్డుకు వచ్చింది. ఇల్లు కడుతున్నారు, వీధివైపు వరండాకు నిలువెత్తు జాలీ కావాలి. పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పింది. ప్రతి దానికీ ఒక ముక్కో తోకో ఉంది.

"జానవర్ల బొమ్మలు వద్దు బేటా. ఇంట్ల నమాజ్ చేసుకుంటం. ఉత్త గీతలు లెవ్వా?"

కలీమ్ వెంటనే సారుకు ఫోను చేశాడు. సారు ట్యూషన్ పిల్లలను మధ్యలో వదిలేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. ఫోను తీసి ఒక బొమ్మ చూపించాడు. ఎక్స్ కొసైన్‌కు వై కొసైన్ కలిపిన బొమ్మ అది. బకెట్లో చినుకు పడితే లేచే వలయాల్లాంటివి, ఒకదానిలో ఒకటి, ఒకదానిలో ఒకటి, వరసలు వరసలుగా. నల్ల వలయం, మధ్యలో తెల్ల సందు, మళ్లీ నల్ల వలయం. ఆవిడ ముఖం వికసించింది. ఆయన ఆరేళ్లుగా ఎదురుచూసిన ముఖం అది, కానీ సంతోషపడటం ఆయనకు అలవాటు లేక గొంతు సవరించుకున్నాడు.

షంషున్నీసా నలభై ఏళ్లు బీడీలు చుట్టిన మనిషి. రేకు ముక్క పెట్టి తునికాకును చుట్టూ కత్తిరించి, కావలసింది చేతిలోకి, అక్కర్లేనిది కిందికి వేసిన మనిషి. ఫోను దగ్గరికి తీసుకుని అడిగింది:

"సార్, నల్లగున్నది ఉంటదా, తెల్లగున్నది ఉంటదా?"

సారు నవ్వాడు. ఇలాంటి నవ్వుకే ఆయన్ను కాలేజీలో పిల్లలు వెనక నుంచి తిట్టుకునేవాళ్లు.

"అమ్మా, ఇది ఫంక్షన్. దీంట్ల ఉండుడు పోవుడు ఉండది. ప్రతి బిందువుకు ఒక విలువ ఉంటది, అంతే."

"మంచిది సార్. నేను కోసుడు ముచ్చట అడుగుతున్న."

"అది ఆయన జూసుకుంటడు," అని కలీమ్ వైపు చెయ్యి ఊపాడు.

ఆవిడ వెళ్లాక కలీమ్ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. తల గోక్కున్నాడు. "సార్, లోపటి రింగు బయటి రింగును యాడ పట్టుకుంటది? నడుమల జరంత పట్టీ ఇడిచిపెడదామా?"

"పట్టీ పెడితే సమీకరణం చెడిపోతది."

"పోనీ అట్టముక్క మీద ఒక్కసారి కోసి చూద్దం సార్."

"పరీక్షలు రానోళ్లకు పెడ్తరు," అన్నాడు సారు. "నువ్వు కొయ్యి."

ఈ మాట ఇంకెవరన్నా అంటే కలీమ్ మిషను ఆపేసి బయటికి నడవమనేవాడు. అన్నది సారు, తమ్ముణ్ణి లెక్కల్లో గట్టెక్కించిన సారు. చదువు చెప్పిన మనిషికి ఇనుము సంగతి తెలియదని ఎలా అంటాడు? తెలిసీ కోశాడు. ఆ మర్యాదను ఏమనాలో నాకు తెలియదు, తెలివి మాత్రం అనను.

మిషను మూడు గంటలు తిరిగింది. సారు పక్కనే నిలబడి, నిప్పురవ్వ వెంట తన కొసైన్ ఇనుములో కదులుతుంటే చూశాడు. ఆయన జీవితంలో అంత మంచి మూడు గంటలు లేవు. పెళ్లినాడు కూడా మంత్రాలు తప్పు చదువుతున్నారని కోపంగా కూర్చున్న మనిషి, ఆ పూట ఎవరినీ తప్పు పట్టలేదు.

తర్వాత కలీమ్ గొలుసు తగిలించి షీటును పైకెత్తాడు. నల్ల వలయాలూ తెల్ల వలయాలూ అన్నీ కలిసి ఖణేల్ ఖణేల్‌మంటూ నేలమీద పడ్డాయి. గొలుసుకు వేలాడుతూ మిగిలింది పెద్ద పెద్ద బొక్కలున్న ఒక షీటు. దానిలోంచి ఎదురుగా రోడ్డు, రోడ్డవతల పంక్చరు దుకాణం స్పష్టంగా కనిపించాయి.

సారు మొదట మిషనును తిట్టాడు. తర్వాత షీటును. తర్వాత కలీమ్‌ను, చివరికి బీడీలు చుట్టే చేతులతో ఫోను ముట్టుకున్న ఎల్లారెడ్డి ఆవిడను. తెర మీద బొమ్మకు కింద తెర ఉంటుందనీ, గాలిలో వలయాన్ని ఏదో ఒకటి పట్టుకోవాలనీ తట్టనిది ఒక్క తనకేనని మాత్రం అనలేదు. కలీమ్ వంగి వలయాలను ఏరుతున్నాడు, బొమ్మలో తెల్లగా ఉన్నవి చెత్తలోకి, నల్లగా ఉన్నవి ఒక పక్కకి.

"పరేషాన్ గాకుండ్రి సార్. శుక్రారం జుమ్మాకు ఇంట్ల దావత్ ఉందంట షంషున్నీసా ఖాలాకు. రింగులు మల్ల పరిచి, ఎనక నుంచి పట్టీలేసి వెల్డింగ్ చేస్త."

"వెల్డింగా? అతుకుల బొంతా?" అన్నాడు సారు. "గట్ల చేస్తే నా పేరు చెప్పకు. చెప్పినవంటే నీ షెడ్డుకు మల్ల రాను. ఇది నాది గాదు."

"సరే సార్," అన్నాడు కలీమ్.

పది రోజులు సారు ఇంట్లోంచి కదలలేదు. ఫోను తీసి ఆ బొమ్మ చూసి, మళ్లీ బోర్లించేవాడు. ఏమైందని పద్మప్రియ అడిగితే ఈ దేశం బాగుపడదన్నాడు. పదకొండో రోజు ఆదివారం, పాత స్నేహితుణ్ణి చూసొస్తానని చెప్పి ఎల్లారెడ్డి బస్సెక్కాడు. ఆయనకు స్నేహితులెవరూ లేరని ఆమెకు తెలుసు, టిఫిను కట్టి ఇచ్చింది. అతుకుల బొంతను కళ్లారా చూసి, కడుపారా తిట్టుకుని వద్దామన్నదే ఆయన ఉద్దేశం. లింగంపేట దాకా కిటికీలోంచి గేట్లను తిట్టుకుంటూ వెళ్లాడు.

ఇల్లు వెతకనక్కర్లేకపోయింది. వీధిలో ముగ్గురు ఆడవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఒక ఆటోవాడు బండి ఆపి ఫోటో తీసుకుంటున్నాడు. పొద్దుటి ఎండ జాలీలోంచి దూరి వరండా గచ్చు మీద వలయాల నీడలు పరిచింది. ఎక్స్ కొసైన్, వై కొసైన్, అక్షరం పొల్లుపోలేదు. కలీమ్ ఒక్కో వలయానికీ నాలుగేసి సన్నని పట్టీలు వేశాడు. నిటారుగా వేయలేదు. ప్రతి పట్టీనీ కొంచెం వంచి, అన్నింటినీ ఒకే వైపు వాల్చాడు. దాంతో వలయాలు తిరుగుతున్నట్టున్నాయి. సారు గీసిన బొమ్మలో నీళ్లు నిలిచి ఉండేవి, ఇక్కడ సుడి తిరుగుతున్నాయి.

ఆయన దగ్గరికి పోయి చూశాడు. తప్పు వెతికాడు, దొరకలేదు. ఫోను తీసి ఆ వాలు పట్టీలకు సమీకరణం కొట్టి చూశాడు. ఒకసారి ఎక్కువ వంగాయి, ఒకసారి తక్కువ వంగాయి. ఎనిమిదో తరగతిలోనే చదువు మానేసిన వెల్డరు చేతి వాటం ఆయన లెక్కకు లొంగలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

షంషున్నీసా గడపలోకి వచ్చి ఆయన్ను గుర్తుపట్టింది.

"సార్, మీరా? రాండ్రి, చాయ్ తాగుండ్రి. మీరు గీసింది కుదరలేదంట గద, కలీమ్ చెప్పిండు. గిదేమో నెట్‌ల కెల్లి తీసిండంట. బాధపడకుండ్రి, అందరికి అన్ని రావు గద."

ముగ్గురు ఆడవాళ్లూ ఆయన వైపు తిరిగి జాలిగా చూశారు. ఆరువందల బొమ్మల్లో ఒక్కటే బయటికి వచ్చింది, అదిగో వీధిలో నిలబడింది, జనం ఆగి చూస్తున్నారు. దానికి తండ్రి లేడు. తనే వద్దన్నాడు.

"ఇది నేను గీసిందే అమ్మా," అన్నాడు. "నాదే."

"అయ్యో, మరి కలీమ్ గట్లెందుకు చెప్పిండు?" ఆవిడ జాలీని చేత్తో తడిమింది. వాలు పట్టీల దగ్గర చెయ్యి ఆగింది. "గీ వంకర పట్టీలు గూడ మీరే గీసిన్రా? అవ్వే మాకందరికి మస్తు నచ్చినయి. అవ్వి లేకుంటే ఏమున్నది దీంట్ల?"

ఇక్కడ సారు ఒక్క మాటతో మనిషయ్యేవాడు. ఆ మాట నోటిదాకా వచ్చిందని ఆయన మీద గౌరవంతో అనుకుందాం.

"ఆ," అన్నాడు. "అవి గూడ నేనే గీసిన. లెక్క ప్రకారం గంతే వంపు ఉండాలె." అని క్లాసులో అలవాటైన గొంతు తెచ్చుకుని, భ్రమణం గురించీ, సౌష్ఠవం గురించీ నాలుగు ముక్కలు చెప్పాడు. ఆడవాళ్లు తలలూపారు. ఆటోవాడు ఆయన్ను జాలీ పక్కన నిలబెట్టి ఫోటో తీశాడు. ఆయన నవ్వాడు కూడా.

అప్పుడు జాలీ వెనక నిచ్చెన కిర్రుమంది. వదులైన పై బోల్టులు బిగించడానికి కలీమ్ పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నాడు. వలయాల సందుల్లోంచి అతని ముఖం ముక్కలు ముక్కలుగా కనిపించింది. కలీమ్ ఖాలా వైపు చూడలేదు, ఆడవాళ్ల వైపు చూడలేదు.

"సార్," అన్నాడు, ఎప్పటి మర్యాదతోనే. "గా పానా కింద పడ్డది. జర అందిస్తరా?"

సారు వంగి తన కాళ్ల దగ్గరున్న పానాను తీశాడు. వాలు పట్టీల మధ్యలోంచి చెయ్యి దూర్చి పైకి పట్టుకున్నాడు. కలీమ్ బోల్టు వైపే చూస్తూ దాన్ని అందుకున్నాడు.