అమ్మ కంప్యూటర్ నోటుబుక్కు

ఇవాళ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక ప్రింట్ ఎక్కడుందో కనబడక పావుగంట వెతికాను. పక్క సీటు అమ్మాయి నవ్వింది.

నాకు నెల్లిమర్లలో మా ముందుగది గుర్తొచ్చింది. మీ ఇళ్లలో కూడా కంప్యూటర్‌కి పూలగుడ్డ కప్పి, దసరాకి బొట్టు పెట్టేవారా? మా అమ్మ దాని మీద తను పనిచేసే స్కూలు ప్రశ్నపత్రాలు టైపు చేసేది. ఏది ఎక్కడ నొక్కాలో నోటుబుక్కులో రాసుకునేది. "పైన మొదటి మాట, కింద ఏడో వరస, ప్రింటు."

నేను ఏడో తరగతిలో ఉండగా మెకానిక్ వచ్చి కొత్త వెర్షన్ వేసి వెళ్లాడు. అమ్మ లెక్కపెట్టుకున్న వరసలన్నీ పోయి, వాటి చోట చిన్న చిన్న బొమ్మలు వచ్చాయి. మర్నాడే అమ్మ స్కూల్లో పరీక్ష.

"ఏటే ఇది, నా వంటింట్లో ఎవులో డబ్బాలన్నీ మార్సీసినట్టున్నాది. ఉప్పెక్కడున్నాదో తెలీట్లేదు," అంది అమ్మ.

నేను పడీపడీ నవ్వాను. అమ్మ ప్రశ్నపత్రం మొత్తం చేత్తో రాసి జిరాక్స్‌కి తీసుకెళ్లింది.

ఇవాళ సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి ఆఫీసులో జరిగింది చెప్పాను. ఆ రోజు నవ్వినందుకు ఇప్పుడైనా దెప్పుతుందనుకున్నాను.

"ఓ నోటుబుక్కు కొనుక్కోవే," అంది. "పెన్నుతో రాయకు, పెన్సిల్‌తో రాసుకో. ఆల్లు మల్లీ మార్సీస్తారు."