తగ్గిపోతున్న బ్యాటరీ

మారేడ్‌పల్లి హరికిషన్‌కు నలభై దాటినా చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్ మీద మోజు తీరలేదు. దాన్ని బీరువాలో చొక్కాల కింద దాచుకుంటాడు. తీసినప్పుడల్లా ముందు బ్యాటరీ ఎంతుందో చూస్తాడు. ఈమధ్య ఆఫీసు నుంచి వచ్చేసరికి అది తగ్గి ఉంటోంది. అనుమానమంతా భార్య అనుపమ మీదే. "నీకు ఫోన్ల గేములున్నయ్ గద, నా దాంట్ల ఎందుకు ఆడుతున్నవ్?" అని నిలదీశాడు. "నేను ఆడతలే" అందామె. అప్పటి నుంచి అతనితో మాట మానేసింది. ఎలాగైనా పట్టుకోవాలని ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి, చెప్పులు చేత పట్టుకుని చప్పుడు కాకుండా ఇంట్లోకి వచ్చాడు. కిటికీ పక్కన తల్లి అనసూయమ్మ, కళ్లద్దాలు ముక్కు మీదికి జారిపోతున్నా పట్టించుకోకుండా, బొటనవేళ్లతో బటన్లు టకటకా నొక్కుతోంది.

"నువ్వా అమ్మా! నీకు ఫోనుంది గద?"

"గా ఫోన్ల నడుమ నడుమ అడ్వర్టైజ్‌మెంట్లొచ్చి పరేషాన్ జేస్తయ్. అద్దం మీద నా ఏలు సుత ఆగది. గీ బటన్లు మంచిగున్నయ్ బిడ్డా."

"అనుపమకు ఎర్కనా?"

"ఆమెనే నేర్పింది. నీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకున్న."

సాయంత్రం అనుపమ బజారు నుంచి వచ్చేసరికి హరికిషన్ గుమ్మంలోనే ఎదురొచ్చి, "తప్పయింది" అన్నాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసింది.

"ఏందీ, ఏం పలగ్గొట్టినవ్?"