చూసి చెప్తా

పైపుల షావుకారు ముప్పై ఏళ్లుగా తన కొట్లో ఏ సరుకునీ చూడకుండా "ఉంది" అన్న పాపాన పోలేదు. వాషర్ అడిగినా సరే, "చూసి చెప్తా" అని కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని గోడౌనులోకి వెళ్లి, దాన్ని చేత్తో పట్టుకొచ్చాకే మాట ఇచ్చేవాడు. ఆ నికార్సుతనం చూసే వర్తక సంఘం ఆయన్ని అధ్యక్షుణ్ణి చేసింది, ఇప్పుడు మేయరు పదవికీ నిలబెట్టింది.

మెడలో దండ గుచ్చుకుంటున్నా గోక్కోవడానికి మొహమాటపడుతూ ఆయన ఇవాళ మిట్ట మీది వీధికి ఓట్లడగడానికి వచ్చాడు. ఒక ముసలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, వాకిట్లో కుళాయి తిప్పి చూపించింది. బుస్సుమని గాలి తప్ప చుక్క రాలేదు. "నువ్వు గెలిస్తే నీళ్లొస్తాయా నాయనా?" అని అడిగింది. "వస్తాయనెయ్యండి బావా, మీ సొమ్మేం పోతుంది!" అని బావమరిది చెవిలో గొణిగాడు. షావుకారు కుళాయి కింద అరచెయ్యి పట్టాడు. ఈ వీధి కింది పైపు ఆయన కొట్లోదే. మిట్టకి ఇంత సన్నంది చాలదని ఆనాడే మొత్తుకున్నాడు, కొన్నవాళ్లు వినలేదు. ఇప్పుడు సగం ఊరు తవ్వితే గానీ నీళ్లు పైకెక్కవు. అది ఏ మేయరు వల్లా అయ్యే పని కాదు. "వస్తాయా, రావా?" అంది ముసలమ్మ. "చూసి చెప్తానమ్మా" అన్నాడు. "పోయినసారి వచ్చినాయనా ఇదే మాటన్నాడు" అంటూ ఆవిడ కుళాయి కట్టేసింది. షావుకారు అలవాటుగా కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గోడౌనులోకి వెళ్లబోతున్నట్టు వెనక్కి తిరిగాడు. అక్కడ ప్రచారం వ్యాను మీద, రెండు చేతులూ జోడించి, తనే నవ్వుతున్నాడు.