కోత పండుగ పిస్తోలు

మా అన్నయ్య ప్రేమదాసుకు ఇంట్లో పాడైన వస్తువు ఒకటి ఉందంటే అన్నం సయించేది కాదు. నల్లపాడు దగ్గర పత్తి జిన్నింగు మిల్లులో ఫిట్టరు. కంచంలో చెయ్యి పెట్టి గోడ గడియారం వంక చూస్తూ, "ఇది వెనకబడతందే" అని లేచిపోయేవాడు. గుడి గంట నాలుక, పాలెంలో సగం మంది స్ప్రేయర్లు, నా హార్మోనియం, అన్నీ తన చేతిలో బాగుపడ్డవే. తను పోయిన రోజు చుట్టూ చేరినవాళ్ళు అవన్నీ చెప్పుకున్నారు. పిస్తోలు మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. మర్యాద కోసమే ఎత్తలేదని నాకు తెలుసు. అందుకని అదే రాస్తున్నాను.

ఆ పిస్తోలు మా నాన్న తోమాది. నాన్న మిషన్ ఆసుపత్రిలో జీపు డ్రైవరు. అక్కడి డాక్టరు దొరగారు స్వదేశం వెళ్ళిపోతూ, కాయితాలన్నీ సరిచేయించి దాన్ని నాన్నకిచ్చి వెళ్ళారు. చిన్నది. ఒకసారికి ఒక్క తూటానే పడుతుంది. గొట్టాన్ని కిందికి మడిచి తూటా పెట్టి, మళ్ళీ పైకి మూయాలి. దానితో నాన్న పిట్టనైనా కొట్టలేదు. ఏడాదికి ఒక్కసారి, ఒకే ఒక్క గుండు పేల్చేవాడు.

ప్రత్తిపాడుకి అవతల ఉన్న మా పాలెంలో, మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజుల్లో కోత పండుగ వస్తుంది. ఎండుమిరప టిక్కీ బస్తాలు, పత్తి మూటలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు తెచ్చి మా చర్చి గుడిలో పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. వేలానికి ముందు కుర్రాళ్ళకు పరుగు పందెం. నాన్న తెల్ల చొక్కా వేసుకుని, నల్లమట్టి నింపిన తట్ట ఒకటి ముందు పెట్టుకుని, అందులోకి పేల్చేవాడు. గాలిలోకి పేల్చమంటే ఒప్పుకునేవాడు కాదు. "పైకెళ్ళింది ఎవడి నెత్తిన దిగుద్దో నీకు తెలుసా?" అనేవాడు. ఎండు పుల్ల విరిగినంత చప్పుడు వచ్చేది, అంతే. ఆ చప్పుడు వినబడితేనే మా పాలెంలో పండుగ మొదలైనట్టు.

ఎనభై ఒకటిలో నాన్న పోయాడు. లైసెన్సు అన్నయ్య పేరు మీదికి మారేదాకా పిస్తోలు పోలీసు స్టేషన్లో జమ చెయ్యాలన్నారు. అది రెండు వానాకాలాలు అక్కడే ఉండి, ఇంటికొచ్చేసరికి ఎర్రగా తుప్పు పట్టి ఉంది. పిడి చెక్క పగిలింది. అన్నయ్య దాన్ని అరుగు మీద పాత పంచె పరిచి పెట్టుకుని చాలాసేపు చూశాడు. అమ్మ, మా అమ్మ కొండమ్మ, వచ్చి పక్కన కూర్చుని చీర చెంగుతో తుడవబోయింది.

"ముట్టుకోకమ్మా, తుప్పు నీ చీరకంటుద్ది."

"మీ నాన్నుంటే దీనికీ గతి పట్టేదా," అంది అమ్మ. ఆ మాట అన్నయ్యకి గుచ్చుకుంది.

కిరసనాయిల్లో నానబెట్టాడు. సన్నటి గరుకు కాయితంతో రోజూ మిల్లు నుంచి వచ్చాక రుద్దేవాడు. పగిలిన పిడికి తుమ్మచెక్క చెక్కి, రంపంతో, ఆకురాయితో నాన్న అరచేతికి సరిపోయేలా దిద్దాడు. తన చెయ్యి నాన్న చెయ్యంతే ఉంటుందని అమ్మే చెప్పింది. చివరికి అది చూడ్డానికి కొత్తదానిలా అయింది. పేలడం మాత్రం పేలలేదు.

దాని తూటా వేరే రకం. పెద్ద తుపాకుల తూటాలకు అడుగున నడిమధ్య కొడితే అంటుకుంటుందట. దీనికి మందు ఇత్తడి అంచులో ఉంటుంది. లోపలున్న సూది వచ్చి ఆ అంచును గట్టిగా కొట్టాలి. మెల్లగా తగిలిందా, టక్కుమని ఊరుకుంటుంది. అన్నయ్య వాగు గట్టున మట్టి తట్ట పెట్టి నొక్కితే టక్కుమంది. గొట్టం తట్టకే గురిపెట్టి కాసేపు ఆగి, తెరిచి, తూటాను కొంచెం తిప్పి, అంచు ఇంకోచోట తగిలేలా పెట్టి మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టక్కు. తీసి నాకు చూపించాడు. అంచు మీద పిల్లి గోరు గీరినంత గుర్తుంది.

"తూటాలు పాతవి," అన్నాడు. గుంటూరు వెళ్ళి కొత్తవి తెచ్చాడు. వాటి మీదా పిల్లి గోరే.

ఎనభై నాలుగు కోత పండుగలో అందరి ముందూ అదే జరిగింది. కుర్రాళ్ళు వంగి నిలబడ్డారు. టక్కు. తిప్పి పెట్టాడు. టక్కు. గీత దగ్గరున్న ఒకడు నడుం నొప్పి పుట్టి లేచి నిలబడ్డాడు. సంఘ పెద్ద బుల్లయ్య చివరికి తన తువ్వాలు ఊపి పందెం నడిపించాడు. తర్వాత అన్నయ్యను పక్కకు పిలిచాడు.

"ఒరేయ్ ప్రేమదాసూ, మీ నాన్న మొహం చూసి ఈ ఏడు ఊరుకుంటన్నాం. వచ్చే పండక్కీ ఇట్టాగే అయితే జయరావు ఈల వేస్తాడు. ఇక తర్వాతెప్పుడూ ఈలే. మళ్ళీ మా నాన్న, మా పిస్తోలు అని నా దగ్గరికి రాకూడదు."

జయరావు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. మెడలో ఈల ఎప్పుడూ వేళ్ళాడుతూనే ఉంటుంది. "నేనేం అడగలేదు ప్రేమదాసూ," అన్నాడు నవ్వుతూ. "కానీ మీ పిస్తోలు కన్నా మా ఇంట్లో తాలింపు మోత ఎక్కువ."

ఆ ఏడాదంతా అన్నయ్యకు ఆ ఒక్కటే ధ్యాస. నాన్న పేల్చిన గుండు తన చేతుల్లో ఈలగా మారిపోతుందన్న ఆలోచన తనను కూర్చోనిచ్చేది కాదు. పెళ్ళి మాట ఎత్తితే "పండగ కానీ" అనేవాడు.

గుంటూరులో తుపాకుల కొట్టు పక్క సందులో రసూల్ అని ఒకాయన తాళాలు, కాటాలు, తుపాకులు బాగుచేసేవాడు. అన్నయ్య పిస్తోలు అక్కడికి తీసుకెళ్ళాడు. రసూల్ సూదిని బయటికి లాగి, వేళ్ళ మధ్య రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడట.

"జిగురయ్యా. సూది నడిచే దారంతా జిగురు. ఏమయ్యా, దీన్నేమన్నా పాయసంలో ముంచావా?"

"మిషనాయిలు తప్ప నేనింకేం వెయ్యను రసూల్ భాయ్."

రసూల్ దారి శుభ్రం చేసి, స్ప్రింగు మార్చి ఇచ్చాడు. అక్కడ ఇసక బస్తాలోకి కాలిస్తే పేలింది. అన్నయ్య ఆ రోజు మాకు జిలేబీ తెచ్చాడు. పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఎప్పట్లానే అమ్మకిచ్చాడు. తూటాలు మాత్రం విడిగా తన దగ్గర ఉంచుకునేవాడు. రెండు నెలలాగి తీసి చూస్తే మళ్ళీ టక్కు.

మళ్ళీ గుంటూరు. మళ్ళీ జిగురు. ఈసారి రసూల్‌కీ విసుగొచ్చింది.

"నా దగ్గర పేలుద్ది, మీ ఊళ్ళో పేలదు. నన్నేం చెయ్యమంటావయ్యా? తేడా పిస్తోల్లో లేదు, మీ ఇంట్లో ఉంది."

రసూల్ మాటను అన్నయ్య ఎగతాళి అనుకున్నాడు. తనకు తోచిన కారణాలు తనకున్నాయి. మిల్లు పత్తి నూగు చేతులకంటుకుని లోపలికి పోతోందన్నాడు. పిస్తోలు ముట్టుకునే ముందు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవడం మొదలుపెట్టాడు. తర్వాత, నూగు కాదు, మన రేగడి నేల చెమ్మ అన్నాడు. పెట్టెను నేల మీంచి తీసి చెక్కబల్ల మీద పెట్టాడు. నా మీద విసుక్కునేవాడు, స్టేషన్ వాళ్ళ మీద విసుక్కునేవాడు, జయరావు ఈల మీద చెప్పనక్కర్లేదు. అమ్మకు మాత్రం మెల్లగా ఒకటే చెప్పాడు.

"చెమ్మ తగలకుండా చూడమ్మా. దానికి చెమ్మే శత్రువు."

"నాకు తెలవదా," అంది అమ్మ.

ఎనభై అయిదు పండుగకు వారం ముందు మూడోసారి గుంటూరు వెళ్ళి శుభ్రం చేయించుకొచ్చాడు. ముందు రోజు సాయంత్రం వాగు గట్టుకు నన్ను తీసుకెళ్ళాడు. తట్టలో మట్టి మీద పాత పలక ముక్క నిలబెట్టి, దాని మీద సుద్దతో గుండ్రం గీశాడు. చెయ్యి చాచి, ఊపిరి బిగబట్టి నొక్కాడు. పుల్ల విరిగింది. నాన్న చప్పుడే అది. పలకకు గుండ్రం పక్కన కన్నం పడింది. రెండోదీ పేలింది. మూడోది గుండ్రంలోనే తగిలి పలక పగిలిపోయింది. అన్నయ్య నా వైపు తిరగలేదు. అటే చూస్తూ, "రేపు తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి పెట్టవే" అన్నాడు.

తెల్లారి తను గుడి దగ్గర ముగ్గుపిండితో గీతలు గీయడానికి వెళ్ళాడు. నేను పిల్లల పాటలకు వెళ్ళాను. ఆరాధన అయ్యాక ఇంటికి పరిగెత్తి పిస్తోలు తెచ్చాడు. ఎన్నడూ లేనంత నిగనిగలాడుతోంది. చేతికి గోరువెచ్చగా తగిలితే, రేకుల ఇల్లు కదా, ఎండకనుకున్నానని తర్వాత చెప్పాడు.

కుర్రాళ్ళు వంగారు. మట్టి తట్ట ముందుంది. తెల్ల చొక్కా చంకల్లో తడిసింది.

టక్కు.

అన్నయ్య ఆగి, తెరిచి, తూటా తిప్పి పెట్టాడు. టక్కు. ఇంకో తూటా పెట్టాడు. టక్కు. వెనక ఆడవాళ్ళలో ఎవరో నవ్వాపుకోలేక దగ్గారు. "దానికీ జలుబు చేసిందేమో" అని ఒకడన్నాడు. బుల్లయ్య తల తిప్పి జయరావు వైపు చూశాడు. జయరావుకు అప్పుడు నవ్వు రాలేదు. అది మాత్రం చెప్పాలి. ఈల నోట్లో పెట్టుకుని ఒక క్షణం అన్నయ్య వైపే చూసి, ఊదాడు. కుర్రాళ్ళు పరిగెత్తారు. దుమ్ము లేచింది.

అన్నయ్య వేలానికి ఆగలేదు. నేను వెనకే ఇంటికొచ్చాను. అరుగు మీద పంచె పరిచి, మరలు ఊడదీస్తున్నాడు. సూది రావడం లేదు. పటకారుతో పట్టి లాగితే, జిగురు సాగుతూ సూది వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నాకు కూడా ఆ వాసన తగిలింది. కాగిన నూనె, పొగ. మా వంటింటి వాసన.

అమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"పేలలేదంటగా," అంది దిగులుగా. "పొద్దున కూడా కాచానే."

"ఏం కాచావమ్మా?"

"దాన్నే. స్టేషన్ నుంచి వచ్చినకాడ్నుంచీ కాస్తానే ఉన్నా. కొత్త పెనానికి నూనె పట్టించి పొయ్యి మీద కాచకపోతే తుప్పు పట్టదా? ఇనుము ఏదైనా ఇనుమేగా. నువ్వు మిల్లు నుంచి తెచ్చిన పత్తిగింజల నూనె, మంచిది, సందుల్లోకంతా పోసి, నిప్పుల పక్కన ఆరబెట్టి, మళ్ళీ పోసి. నువ్వే కదరా చెమ్మ తగలనీయొద్దన్నావు. మీ నాన్న వస్తువు. నేనింకేం చెయ్యగలను దానికి?"

పత్తిగింజల నూనె పెనం మీద కాగితే నల్లటి పొరలా బిగుసుకుంటుంది. ఆ పొర వల్లే మా అమ్మ అట్టు అంటుకోకుండా లేచొస్తుంది. పిస్తోలు లోపలా అదే పొర, సూదిని పట్టుకుని కూర్చుంది. ఏడాది పొడుగునా అన్నయ్య విప్పుతున్నాడు, అమ్మ బిగిస్తోంది.

అన్నయ్య నోరు తెరిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. ఆ ఏడాది కోపమంతా ఇప్పుడు బయటపడుతుందనుకున్నాను. అమ్మ చేతుల వైపు చూశాడు. బొటనవేలు దగ్గర చర్మం కాలి బొబ్బ లేచింది. పొద్దుటిదే.

"చేతికి వెన్న రాసుకో పో," అన్నాడు.

అమ్మ లోపలికెళ్ళాక నేను గుసగుసగా అడిగాను. "బుల్లయ్య గారికి సంగతి చెప్పొచ్చు కదా అన్నయ్యా? కారణం తెలిసింది. వచ్చే ఏడు ఒక్క అవకాశం ఇమ్మని అడుగుదాం."

"ఏం చెప్పను? మా అమ్మ పిస్తోలుకి తాలింపు పెట్టిందని చెప్పనా?" పళ్ళు బిగించి అన్నాడు. "బావి దగ్గరికెళ్తే నవ్వుతారు. గుడికెళ్తే నవ్వుతారు. చచ్చిందాకా తాలింపు కొండమ్మే అవుద్ది. నన్నే నవ్వనీ. ఈలే వేసుకోనీ."

"మరి అమ్మకైనా చెప్పవా?"

"చెప్తే? నాన్న గుండు తనవల్లే పోయిందని కుళ్ళి కుళ్ళి ఏడుస్తుంది. నువ్వు చూస్తావా?"

గోడకేసి ఒక్క గుద్దు గుద్దాడు. సున్నం రాలింది. అంతకు మించి ఏమీ చెయ్యలేకపోయాడు.

మర్నాడు మిల్లుకు పోకుండా పిస్తోలంతా కిరసనాయిల్లో కడిగాడు. సూది దారిని పుల్లకు గుడ్డ చుట్టి మళ్ళీ మళ్ళీ తుడిచి, వాగు వైపు ఒక్కడే వెళ్ళాడు. నన్ను రావద్దన్నాడు. అమ్మా నేనూ పెరట్లో మిరపకాయల తాలు ఏరుతున్నాం. వాగు వైపు నుంచి చప్పుడు వచ్చింది, పుల్ల విరిగినట్టు. కాసేపటికి ఇంకోటి.

అమ్మ చేతిలో కాయ వదిలేసి చెవి ఒగ్గి వింది. మొహం వెలిగింది.

"చూశావా," అంది. "నిన్నటి నూనె ఇయ్యాలకి పట్టింది. ఒక్క రోజు ముందు కాచుంటే పండక్కి అందేది."

అన్నయ్య వచ్చి, పిస్తోలు పెట్టెలో పెట్టి తాళం వేశాడు. అమ్మ చెయ్యి చాచింది. ఒక్క నిమిషం నిలబడి, తాళంచెవి ఆ చేతిలోనే పెట్టాడు.