కెప్టెన్ వెనుక ఖాళీ

మిల్లులో పనిచేసే పక్కింటి కాకా ప్రతి ఆదివారం మట్టెవాడలోని మా ఇంటికొచ్చి, టీవీలో అంతరిక్ష నౌక సీరియల్ చూసేవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కెప్టెన్ మాట్లాడుతుంటే మెడ చాచి, అతని వెనుక ఎవరున్నారో చూసేవాడు.

చివరి రోజుల్లో సీరియల్ కళ తప్పింది.

"ఖర్చులు తగ్గించినట్టున్నరు," అన్నాడు మా బాపు.

"ఎనుక మనుషులు తక్కువైతాండ్రే అన్నా. మా మిల్లుల గూడ గిట్లనే అయితాంది. గీ ఓడ ఎక్కువ దినాలు నడువది," అన్నాడు కాకా.

నౌక ఇల్లు చేరకుండానే సీరియల్ ఆగిపోయింది. కొన్నాళ్లకు మిల్లూ మూతపడింది.

ఆ ఆదివారం కాకా అదే వేళకు వచ్చి, ఆపి ఉన్న టీవీ ముందు కూర్చున్నాడు. నల్లటి అద్దంలో ఆయనొక్కడే కనిపించాడు. మెడ చాచి తన వెనుకకే చూసుకుంటున్నాడు.

నేను వెళ్లి ఆయన వెనుక, అద్దంలో కనబడేటట్టు కూర్చున్నాను.